ట్రాక్టర్‌కు తగిలించే స్నో బ్లోవర్‌కు (మంచును ఎగజిమ్మే యంత్రానికి) మార్పులు చేసే ముందు జాగ్రత్తలు

- ట్రాక్టర్ ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. పీటీవో షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని బ్లోవర్‌కు అందించే కడ్డీ) విడదీయండి. బ్లోవర్‌ను పైకెత్తి పనిచేయాలంటే గట్టి స్టాండ్లు పెట్టండి. హైడ్రాలిక్స్‌ను (నూనె ఒత్తిడితో ఎత్తే ఏర్పాటును) నమ్మి కిందకు దూరొద్దు.

- ఇంపెల్లర్ (మంచును బయటకు విసిరే చక్రం) రెక్కలకు రబ్బరు పట్టీలు బిగిస్తే తడి మంచు కూడా దూరం పడుతుంది, నిజంగా పనికొచ్చే మార్పు ఇది. కానీ పట్టీలన్నీ ఒకే బరువు ఉండాలి. లేదంటే వణుకు మొదలై బేరింగులు పాడవుతాయి. బిగించాక చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడండి.

- షియర్ బోల్ట్ (ఎక్కువ బలం పడితే ముందుగా తెగేలా చేసిన బోల్ట్) మాటిమాటికీ తెగుతోందని ఇంకా గట్టిది వేయకండి. అది తెగితేనే గేర్‌బాక్స్ బతుకుతుంది.

- వెల్డింగ్ ఉంటే బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి.

- హైడ్రాలిక్ లీకును చేత్తో తడమొద్దు, అట్టముక్కతో చూడండి. సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

- ట్రయల్‌కు ముందు షాఫ్ట్ గార్డు తిరిగి బిగించండి.