ఆస్ట్రేలియాలో ఏ కోర్సు చదవాలి? పీఆర్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి

ఆస్ట్రేలియా వెళ్లాలనుకునే పిల్లలు కన్సల్టెన్సీలో కూర్చోగానే అడిగేది "నా పర్సంటేజీకి ఏ యూనివర్సిటీ వస్తుంది?" అని. ఆ ప్రశ్న చివర్లో రావాలి. ముందు తేలాల్సింది వృత్తి. అక్కడి ప్రభుత్వం డిగ్రీ చూసి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఇవ్వదు. తన జాబితాలో ఉన్న ఒక వృత్తికి మీరు పనికొస్తారని సంబంధిత సంస్థ ధ్రువీకరించాలి, ఆపైన వయసు, ఇంగ్లిష్, చదువు లాంటివాటికి ఇచ్చే పాయింట్లు చాలాలి, లేదా ఒక కంపెనీ స్పాన్సర్ చేయాలి. కాబట్టి ముందు వృత్తి, తర్వాత దాన్ని అసెస్ చేసే సంస్థ, ఆ సంస్థ గుర్తించిన కోర్సు, ఆ కోర్సు ఎన్ని వారాలు, ఏ ఊళ్లో అన్నవి వరసగా చూసుకోవాలి. యూనివర్సిటీ పేరు వీటన్నిటి తర్వాతే.

"ఏ మాస్టర్స్ చేసినా వర్క్ పర్మిట్ వస్తుంది" అన్న మాట వినే ఉంటారు. రెండేళ్ల కోర్సయితే అది నిజమే. చదువయ్యాక కొంతకాలం పని చేసుకోనిచ్చే 485 వీసాలో పోస్ట్ హయ్యర్ ఎడ్యుకేషన్ వర్క్ స్ట్రీమ్‌కు సబ్జెక్టుతో పని లేదు. పైగా రెండు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం ఉన్నందువల్ల కోర్స్‌వర్క్ మాస్టర్స్ చేసిన మన వాళ్లకు 3 ఏళ్ల దాకా ఇస్తారు, మామూలుగా అయితే 2 ఏళ్లే. కానీ 485 తాత్కాలిక వీసా. జాబితాలో ఉన్న వృత్తికి నేరుగా దారితీయని ఎంబీఏ, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ లాంటి కోర్సులు చదివినవాళ్లు ఆ మూడేళ్లూ ఏదో ఒక పని చేసి, గడువు దగ్గర పడ్డాక దారులు వెతుక్కుంటారు. 2024 జూలై నుంచి 485లో ఉన్నవాళ్లు ఆస్ట్రేలియాలో ఉండగా మళ్లీ స్టూడెంట్ వీసాకు అప్లై చేయడానికి వీల్లేదు. ఇంకో కోర్సులో చేరి నెట్టుకొద్దామనే పాత పద్ధతి ఇక పనికిరాదు.

వృత్తి కోడ్ దగ్గర మొదలుపెట్టండి

ప్రతి వృత్తికీ ఆంజ్‌స్కో అనే వృత్తుల వర్గీకరణలో ఆరంకెల కోడ్ ఉంటుంది. సివిల్ ఇంజినీర్ 233211, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ 261313, సోషల్ వర్కర్ 272511, ఎర్లీ చైల్డ్‌హుడ్ టీచర్ 241111. వీసాలు చూసే హోమ్ అఫైర్స్ శాఖ వెబ్‌సైటులోని వృత్తుల జాబితాలో మీ కోడ్ కొడితే అది ఏయే వీసాలకు పనికొస్తుందో, అసెస్ చేసే సంస్థ ఏదో కనిపిస్తుంది. ఆ పేజీని తేదీతో సహా దాచిపెట్టుకోండి.

దారులు రెండున్నాయని అక్కడే అర్థమవుతుంది. పాయింట్ల దారిలో 189 (నామినేషన్ అక్కర్లేనిది), 190 (రాష్ట్రం నామినేట్ చేసేది), 491 (రీజినల్ ప్రాంతాల తాత్కాలిక వీసా). కంపెనీ స్పాన్సర్ దారికి 2024 డిసెంబర్ 7 నుంచి కోర్ స్కిల్స్ జాబితా అని వేరే ఉంది. ఒక వృత్తి రెండింటిలోనూ ఉండొచ్చు, ఒక్కదానిలోనే ఉండొచ్చు. స్పాన్సర్ దారికి ఆ రంగంలో కనీసం ఏడాది అనుభవం, 2025 జూలై లెక్క ప్రకారం ఏడాదికి 76,515 డాలర్లకు తగ్గని జీతం కావాలి. ఈ మొత్తం ఏటా జూలైలో పెరుగుతుంది. రెండు జాబితాల్లోనూ ఉన్న వృత్తి దొరికితే దాన్నే పట్టుకోండి. ఒక తలుపు మూసుకున్నా ఇంకోటి తెరిచి ఉంటుంది.

కోర్సు పేరు చూసి మోసపోవద్దు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పేరు ఒకలాగే ఉన్నా గుర్తింపు వేరుగా ఉంటుంది.

ఇంజినీరింగ్‌కు అసెస్‌మెంట్ చేసేది ఇంజినీర్స్ ఆస్ట్రేలియా. వాళ్లు గుర్తించిన కోర్సుల జాబితా వాళ్ల సైటులోనే ఉంటుంది. మాస్టర్ ఆఫ్ ఇంజినీరింగ్ అందులో ఉండి, అదే యూనివర్సిటీ ఇచ్చే మాస్టర్ ఆఫ్ ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ ఉండకపోవచ్చు. చేరేముందు మీ బీటెక్ సంగతి కూడా చూడండి. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ అకార్డ్‌లో భారత్ 2014లో పూర్తి సభ్యురాలైంది, కానీ అది మన కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ నుంచి టైర్-1 గుర్తింపు ఉన్న కోర్సులకే వర్తిస్తుంది. మన అటానమస్ కాలేజీల్లో కొన్ని బ్రాంచీలకు ఈ గుర్తింపు ఉంది, యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే మామూలు కాలేజీలకు టైర్-2 ఉంటుంది. మీరు పాసైన సంవత్సరానికి మీ బ్రాంచీకి టైర్-1 ఉంటే బీటెక్‌తోనే అసెస్‌మెంట్ తెచ్చుకోవచ్చు. లేకపోతే చేసిన పనుల గురించి మూడు కెరీర్ ఎపిసోడ్లు రాసి సీడీఆర్ అనే నివేదిక పెట్టాలి, లేదా అక్కడ గుర్తింపు ఉన్న మాస్టర్సే చేయాలి.

నర్సింగ్‌లో ఇంకా జాగ్రత్త కావాలి. మాస్టర్ ఆఫ్ నర్సింగ్ అనే పేరుతోనే రెండు రకాల కోర్సులున్నాయి. ఒకటి వేరే డిగ్రీ చేసినవాళ్లను రెండేళ్లలో రిజిస్టర్డ్ నర్సుగా తయారుచేసేది. రెండోది ఇప్పటికే అక్కడ రిజిస్ట్రేషన్ ఉన్న నర్సుల పైచదువు, దానితో కొత్తగా రిజిస్ట్రేషన్ రాదు. నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఆప్రా సంస్థ సైటులోని గుర్తింపు పొందిన కోర్సుల జాబితాలో మీ కోర్సు ఉందో లేదో వెతకండి. బీఎస్సీ నర్సింగ్ చేసి ఇక్కడ పనిచేస్తున్నవాళ్లయితే అసలు మాస్టర్స్ ఫీజు కట్టే ముందు ఆప్రా సెల్ఫ్ చెక్ చేసుకోండి. చాలామందికి ఎన్‌క్లెక్స్ పరీక్ష, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో ప్రాక్టికల్ పరీక్ష పాసైతే రిజిస్ట్రేషన్ దక్కుతుంది.

సోషల్ వర్క్‌లో "క్వాలిఫైయింగ్" అన్న మాట ఉన్న రెండేళ్ల మాస్టర్స్ కావాలి, అందులో 1,000 గంటల ఫీల్డ్ ప్లేస్‌మెంట్ ఉంటుంది. టీచింగ్ అసెస్‌మెంట్‌కు ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్, లిజనింగ్ 8 అడుగుతారు. పీఆర్ కోసమే ఈ కోర్సుల్లో చేరి, మనుషులతో పని నచ్చక ప్లేస్‌మెంట్‌లో ఫెయిలైతే ఫీజూ పోతుంది, ఏడాదీ పోతుంది. రోగి పక్క మార్చడం, ఏడ్చే పిల్లాణ్ని ఊరుకోబెట్టడం మీవల్ల అవుతుందా అని ముందే నిజాయితీగా ఆలోచించుకోండి.

ఐటీకి అసెస్‌మెంట్ చేసేది ఏసీఎస్ (ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ). అక్కడ ఐటీ డిగ్రీ చేసినా అది ఒక్కటే చాలదు. దానికి తోడు ఏడాది సంబంధిత ఉద్యోగం గానీ, ప్రొఫెషనల్ ఇయర్ అనే కోర్సు గానీ అడుగుతారు. ఈ ప్రొఫెషనల్ ఇయర్ దాదాపు ఏడాది, అందులో 12 వారాల ఇంటర్న్‌షిప్. దీని ఫీజును మొదటి రోజే బడ్జెట్‌లో వేసుకోండి.

92 వారాలు

485కు, ఆస్ట్రేలియా చదువు పాయింట్లకు కూడా రెండు అకడమిక్ సంవత్సరాల చదువు ఉండాలి. అంటే విదేశీ విద్యార్థులు చేరగల కోర్సుల జాబితా అయిన క్రైకాస్ రిజిస్టర్‌లో నమోదైన కోర్సు కనీసం 92 వారాలు, చదివిన కాలం 16 నెలలకు తగ్గకూడదు. క్రైకాస్ సైటు అందరికీ ఉచితమే. ఆఫర్ లెటర్‌లో ఉన్న కోర్సు కోడ్ అక్కడ కొట్టండి, "డ్యూరేషన్" ఎదురుగా వారాలు కనిపిస్తాయి. 104 ఉంటే సరిపోతుంది. 78 ఉంటే అది ఏడాదిన్నర కోర్సు, దానితో ఒక్కదానితో 485 రాదు.

104 వారాల కోర్సులో చేరి కూడా దెబ్బతినే దారి ఒకటుంది. "మీ బీటెక్ సబ్జెక్టులకు క్రెడిట్ ఇస్తాం, ఒక సెమిస్టర్ ఫీజు మిగులుతుంది" అని యూనివర్సిటీ ఆఫర్ ఇస్తుంది. ఇంటి దగ్గర అందరూ సంతోషిస్తారు. కానీ క్రెడిట్ ఇచ్చిన సబ్జెక్టులు చదివినట్టు లెక్కలోకి రావు. నాలుగు సెమిస్టర్లలో ఒకటి తగ్గితే మిగిలేది 78 వారాలే. ఆ క్రెడిట్ వద్దని రాతపూర్వకంగా చెప్పండి, లేదా మిగతా వారాలు నింపే మరో కోర్సు ముందే చూసుకోండి.

ఊరు, పాయింట్లు

వలస లెక్కలో సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతా దేశమంతా రీజినలే. అడిలైడ్, పెర్త్, కాన్‌బెర్రా, హోబర్ట్ కూడా. రీజినల్ క్యాంపస్‌లో రెండేళ్లు చదివి అక్కడే ఉంటే 5 పాయింట్లు అదనం, రెండో 485 అవకాశమూ ఉంటుంది.

లెక్క ఎలా వేస్తారో చూడండి. 26 ఏళ్లు, పెళ్లి కాలేదు, ఐఈఎల్‌టీఎస్ అన్నిటిలో 7. వయసుకు 30, ఇంగ్లిష్‌కు 10, డిగ్రీకి 15, ఆస్ట్రేలియా చదువుకు 5, ఒంటరికి 10. మొత్తం 70. బీటెక్, మాస్టర్స్ రెండూ ఉన్నా డిగ్రీకి 15 ఒక్కసారే. అనువాదకులకు గుర్తింపునిచ్చే NAATI సంస్థ పెట్టే సీసీఎల్ భాషా పరీక్ష తెలుగులోనూ ఉంది, పాసైతే 5. రీజినల్ చదువుకు 5. ఇంగ్లిష్ అన్నిటిలో 8కి పెంచితే మరో 10. మొత్తం 90. రాష్ట్రం నామినేట్ చేస్తే 190కి 5, 491కి 15 కలుస్తాయి. కాగితం మీద అర్హత 65 అయినా, ఐటీ, అకౌంటింగ్‌లో 65తో వీసాకు అప్లై చేయమనే పిలుపు ఆశించొద్దు. నర్సులకు, టీచర్లకు తక్కువ పాయింట్లకే పిలుపు వస్తుంటుంది. వృత్తుల వారీగా కటాఫ్‌లు ఈ పిలుపులు పంపే స్కిల్‌సెలెక్ట్ పేజీలో ప్రతి రౌండ్ తర్వాత పెడతారు. గత మూడు నాలుగు రౌండ్లు పక్కపక్కన పెట్టి చూస్తే మీ వృత్తి ఎటు పోతోందో తెలుస్తుంది.

ఉద్యోగం ఉందో లేదో

ఉద్యోగ ప్రకటనలుండే సీక్ సైటులో మీ వృత్తి పేరు, ఊరు పెట్టి ఓ ముప్పై ప్రకటనలు చదవండి. "సిటిజన్స్ ఓన్లీ", "సెక్యూరిటీ క్లియరెన్స్" అని ఎన్నిటిలో ఉందో లెక్కపెట్టండి. రక్షణ, ప్రభుత్వ ప్రాజెక్టుల వల్ల సైబర్ సెక్యూరిటీలో, ముఖ్యంగా కాన్‌బెర్రాలో, ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. ఫ్రెషర్‌కు అవకాశం ఉన్నవి ఎన్నో విడిగా రాసుకోండి. ఏ సబ్జెక్టు వాళ్లకు ఎంతమందికి ఫుల్‌టైమ్ ఉద్యోగాలు వస్తున్నాయో ప్రభుత్వ సర్వే క్విల్ట్ చెబుతుంది.

పార్ట్‌టైమ్ సంపాదనతో ఫీజు కట్టేస్తామని మాత్రం అప్పు చేయకండి. క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని. వీసాకు ఫీజు, ప్రయాణం కాక ఏడాది ఖర్చుకని 29,710 డాలర్లు చూపించాలి. వీసా ఫీజే 2,000 డాలర్లు, రిజెక్ట్ అయితే తిరిగి రాదు. చేరాక మాస్టర్స్ వదిలి చౌక డిప్లొమాలోకి దిగితే మళ్లీ కొత్త వీసా కావాలి.

కన్సల్టెన్సీకి యూనివర్సిటీ నుంచి కమిషన్ వస్తుంది కాబట్టి వాళ్లకు ఒప్పందం ఉన్న కాలేజీలనే ముందు చూపిస్తారు. అప్లికేషన్ పనికి వాళ్లను వాడుకోండి. పీఆర్ సలహా మాత్రం వలస ఏజెంట్లను నమోదు చేసే మారా సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ఏజెంట్ దగ్గరే తీసుకోండి.

డిపాజిట్ కట్టే ముందు యూనివర్సిటీకి మీ సొంత ఈమెయిల్ నుంచి నాలుగు ప్రశ్నలు పంపండి. ఈ కోర్సుకు ఫలానా సంస్థ గుర్తింపు ఇప్పుడు పూర్తిగా ఉందా, తాత్కాలికమా? నేను పాసయ్యే సంవత్సరానికి అది వర్తిస్తుందా? క్రెడిట్ తీసేశాక నా కోర్సు ఎన్ని వారాలు? క్లాసులన్నీ ఏ క్యాంపస్‌లో, ఏ పిన్‌కోడ్‌లో జరుగుతాయి? జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా డబ్బు పంపకండి.