పిల్లలు బడిలో క్షేమంగా ఉండాలంటే తల్లిదండ్రులు ఏం చేయాలి?

మా అమ్మాయి ఒకటో తరగతిలో చేరిన కొత్తలో రోజూ సాయంత్రం దాని నీళ్ల బాటిల్ నిండుగానే తిరిగొచ్చేది. బతిమాలాను, కోప్పడ్డాను, లాభం లేకపోయింది. వారం తర్వాత ఒక సాయంత్రం జడ విప్పుతుంటే మెల్లగా చెప్పింది: "నీళ్లు తాగితే బాత్‌రూమ్‌కి వెళ్లాలి కదమ్మా. ఆ తలుపుకి గడియ లేదు. పెద్దక్కలు తోసేస్తారు." మర్నాడు వెళ్లి చూస్తే నిజమే. గడియ ఊడిపోయి, స్క్రూలు ఉండాల్సిన చోట రంధ్రాలు మాత్రం ఉన్నాయి. టీచరుకు చూపిస్తే రెండు రోజుల్లో కొత్తది వేయించారు. అప్పటినుంచి బాటిల్ ఖాళీగా రావడం మొదలైంది.

పిల్లల భద్రత అనగానే సీసీ కెమెరాలు, ఎత్తైన ప్రహరీ గుర్తొస్తాయి. అవీ కావాలి. కానీ పెద్దవాళ్ల కళ్లు పడని చోటే పిల్లలకు ప్రమాదం ఎక్కువ. బస్సు దిగిన క్షణం, బాత్‌రూమ్ దారి, లాంగ్ బెల్ కొట్టాక ఆటో వచ్చేదాకా గడిచే ఆ పావుగంట. అలాంటి చోట్లను ముందుగా మనమే వెతికి పెట్టుకోవాలి.

1. పోయివచ్చే దారిని స్వయంగా చూడండి

ఒక్క పూట సెలవు పెట్టి బిడ్డ ఎక్కే బస్సు వెనకాలే వెళ్లండి. డ్రైవర్ ఫోన్ మాట్లాడుతున్నాడా, పిల్లలు సీట్లో కూర్చోకముందే బండి కదులుతోందా, అన్నీ తెలిసిపోతాయి. స్కూలు బస్సుల విషయంలో సుప్రీంకోర్టు 1997లోనే నిబంధనలు పెట్టింది. పసుపు రంగు, కిటికీలకు అడ్డ ఊచలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండర్, తలుపుకు గట్టి తాళం, పిల్లలను చూసుకునే మనిషి ఉండాలి. బస్సు మీద స్కూలు పేరు, ఫోన్ నంబరు రాసి ఉండాలి.

వీటిలో నేను పట్టుబట్టి అడిగేది ఆ పిల్లలను చూసుకునే మనిషి గురించే. ఒకసారి ఆగి ఉన్న బస్సు డ్రైవర్ సీట్లో కూర్చుని, మీ బిడ్డను ముందు చక్రం దగ్గర నిలబెట్టి చూడండి. తల కూడా కనిపించదు. దిగిన బస్సు కిందే పిల్లలు పడిపోయారన్న వార్తలు మనం మళ్లీ మళ్లీ చదువుతున్నది ఇందుకే. ఆయా కిందికి దిగి, పిల్లలను రోడ్డు పక్కకు చేర్చి, "రైట్" అన్నాకే బండి కదలాలి. పిల్లలకూ ఒక లెక్క నేర్పండి: దిగగానే పది అడుగులు పక్కకు. బస్సు కింద ఏం పడినా, పెన్సిల్ బాక్స్ అయినా సరే, తీసుకోవడానికి వంగకూడదు.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొంది. ఆ ఉదయం ఎన్ని ఇళ్లు గుండె పగిలి ఏడ్చాయో మనకు తెలుసు. మీ బస్సు రూటులో పట్టాలు, చెరువు కట్ట, హైవే మలుపు ఎక్కడ వస్తాయో మీకు తెలిసి ఉండాలి.

ఆటో అయితే పిల్లల తలలు లెక్కపెట్టండి. డ్రైవర్ పక్కన ఎవరినీ కూర్చోబెట్టకూడదు. సీటు లేదంటే "మా పాపను తర్వాతి ట్రిప్పులో తీసుకెళ్లన్నా" అని చెప్పండి. పది నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు.

2. బడిని ఒకసారి చుట్టి రండి

బాత్‌రూమ్ గడియ, సంపు మూత, వేలాడే కరెంటు తీగలు, మేడమీదికి మెట్లు, మరుగుదొడ్డి వైపు తిరిగే బయటి మనుషులు. ఇవి చూడటానికి పావుగంట చాలు.

వంట దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగండి. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో వంటగది నుంచి లేచిన మంట తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. 2019లో కర్నూలు జిల్లాలోని ఒక ప్రైవేటు బడిలో చిన్న బాబు వేడి సాంబారు గిన్నెలో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. వేడి గిన్నెలు పిల్లలు వరుసలో నిలబడే దారిలో ఉండకూడదు. వడ్డించే ముందు టీచరు రుచి చూడాలన్న నియమం మధ్యాహ్న భోజనానికి ఉంది. ఎవరు చూస్తున్నారో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అనే మొహమాటం ఇక్కడ వద్దు.

3. ఎవరు తీసుకెళ్లవచ్చో రాసివ్వండి

నాన్న, అమ్మమ్మ, పక్కింటి ఆంటీ, ఎవరైతే వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు డైరీలో రాసి సంతకం పెట్టండి. ఇంట్లో మీకూ బిడ్డకూ మాత్రమే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. కొత్తవాళ్లు ఎవరైనా "మీ అమ్మ పంపింది" అంటే ఆ మాట చెప్పాలి. చెప్పలేకపోతే బిడ్డ గేటు లోపలికి పరుగెత్తి టీచరు దగ్గరికి వెళ్లాలి. మీ ఫోన్ నంబరు మారితే ఐడీ కార్డు మీద కూడా మార్పించండి. చాలామంది ఇదే మర్చిపోతారు.

4. ఒంటి గురించి సిగ్గుపడకుండా చెప్పండి

స్నానం చేయించేటప్పుడు చెప్పడం తేలిక. "డ్రాయరు కప్పే చోట్లు నీవి. అక్కడ ఎవరూ ముట్టుకోకూడదు, చూడకూడదు, ఫొటో తీయకూడదు. కడగాల్సి వస్తే అమ్మ, డాక్టరు దగ్గరికెళ్తే మేం పక్కనుండగా డాక్టరు, అంతే." మగపిల్లలకూ ఇదే మాట చెప్పాలి. చెడ్డవాడు భయంకరంగా ఉంటాడని మాత్రం చెప్పకండి. చాక్లెట్ ఇచ్చి, ముద్దుగా మాట్లాడే తెలిసినవాళ్లే హద్దు దాటడం ఎక్కువ. అందుకే రెండో నియమం: "అమ్మకు చెప్పకు అని ఎవరైనా అంటే, అదే ముందు నాకు చెప్పాలి."

పెద్దవాళ్ల మాట వినాలని రోజూ నూరిపోస్తాం. "వద్దు" అని గట్టిగా అనొచ్చని కూడా మనమే చెప్పాలి.

5. సాయంత్రం అడిగే ప్రశ్న మార్చండి

"ఎన్ని మార్కులొచ్చాయి?" పక్కన పెట్టి "ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు? నీకు నచ్చనిది ఏమైనా జరిగిందా?" అని అడగండి. బడి పేరెత్తితే కడుపునొప్పి, పక్క తడపడం, ఒక మనిషి పేరు వినగానే ముడుచుకుపోవడం కనిపిస్తే వదిలేయకండి.

6. బిడ్డ ఏదైనా చెబితే

ముందు మీ ముఖం అదుపులో పెట్టుకోండి. కష్టమే, కానీ మీరు కేకలేస్తే తప్పు తనదేనని బిడ్డ అనుకుంటుంది. "చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు" అనండి. గుచ్చిగుచ్చి అడగొద్దు, పదిమంది ముందు మళ్లీ చెప్పించొద్దు. బిడ్డ అన్న మాటలను అలాగే, తేదీ వేసి రాసుకోండి. ఇప్పుడిప్పుడే జరిగి ఉంటే స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎఫ్ఐఆర్ లేదని వైద్యం నిరాకరించడానికి వీల్లేదు.

1098కి ఫోన్ చేయండి. పిల్లల కోసం పెట్టిన ఉచిత నంబరు అది. వెంటనే పోలీసు కావాలంటే 112. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. తన సిబ్బంది చేసిన నేరాన్ని దాచిన స్కూలు అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష పడొచ్చు. కాబట్టి "పరువు పోతుంది, ఇక్కడే మాట్లాడుకుందాం" అంటే ఒప్పుకోకండి. మంచి మనసుతో ఫిర్యాదు చేసినవారి మీద కేసు ఉండదు. పోలీసులు యూనిఫాం లేకుండా బిడ్డ ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవచ్చు, రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. ఈ సంగతి తెలియకే చాలామంది వెనకాడతారు.

7. కొట్టడాన్ని మీరే అనుమతించకండి

"నాలుగు తగిలించండి సార్, అప్పుడే దారికొస్తాడు" అని బడిలో వదిలివచ్చే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ మాట అనకండి. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ప్రభుత్వ బడి అయితే యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే. గడియ దగ్గరనుంచి బెత్తం దాకా ఏదైనా అక్కడ రాతపూర్వకంగా పెట్టండి. ప్రైవేటు బడి అయితే నలుగురు తల్లులు కలిసి ప్రిన్సిపాల్‌ను కలవండి. ఒక్కరు అడిగితే కంప్లైంట్ అనుకుని పక్కన పెడతారు, నలుగురు వెళితే పని మొదలవుతుంది.

దసరా, సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు మళ్లీ ఒకసారి స్టాపు దగ్గర నిలబడండి. డ్రైవరో, ఆయానో మారి ఉండొచ్చు. కొత్తవాళ్లకు మీ బిడ్డను మీరే పరిచయం చేసి, వాళ్ల పేరు, నంబరు రాసుకుని రండి.