పేలకి కండిషనర్, పేల దువ్వెన

బడులు తెరిస్తే చాలు, పిల్లల తలలో పేలు మొదలు, రాత్రంతా గోక్కోవడమే. తలస్నానం చేయించాక తడి జుట్టుకి మామూలు కండిషనర్ 3-4 చెంచాలు కుదుళ్ల దాకా పట్టించి, పెద్ద దువ్వెనతో చిక్కు తీసి, ఆ జారుడు ఉండగానే స్టీలు పేల దువ్వెనతో పాయలు పాయలుగా మాడు నుంచి కొసల దాకా దువ్వండి, దువ్విన ప్రతిసారీ తెల్ల గుడ్డకి తుడిస్తే ఏం వస్తున్నాయో కనిపిస్తుంది. చెవుల వెనక, మెడ మీద ఇంకాస్త ఎక్కువగా. (కిరోసిన్ మాత్రం వద్దు, ఎవరు చెప్పినా సరే.) ఈపులు (పేల గుడ్లు) 7-10 రోజుల్లో పగిలి పిల్ల పేలు వస్తాయి కాబట్టి 3 రోజులకోసారి, కనీసం 2 వారాలు చేయాలి. పక్కన పడుకునే వాళ్ల తలల్లోనూ ఉంటే అదే రోజు వాళ్లకీ దువ్వాలి, లేదంటే మళ్లీ ఎక్కేస్తాయి.