రోటాక్స్ 912: ఎగిరే ముందు ఆయిల్ ఎలా చూడాలి

ఇకారస్ సీ42 లాంటి రెండు సీట్ల అల్ట్రాలైట్లలో (చాలా తేలికైన చిన్న విమానాల్లో) తరచూ కనిపించే ఈ ఇంజిన్‌కు ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది. ఇంజిన్ ఆగాక కొంత ఆయిల్ క్రాంక్‌కేసులోనే (ఇంజిన్ అడుగు పెట్టెలోనే) మిగిలిపోతుంది. అందుకే విమానం దగ్గరికి రాగానే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీస్తే తక్కువ చూపిస్తుంది. అది నమ్మి పోశారంటే ఎక్కువై, బ్రీదర్ గొట్టంలోంచి (ట్యాంకు గాలి వదిలే గొట్టంలోంచి) బయటికి కక్కుతుంది.

ముందు రెండు ఇగ్నిషన్ స్విచ్‌లూ ఆపి, చక్రాలకు అడ్డు పెట్టండి. ఆపినా సరే, ప్రొపెల్లర్‌ను ఎప్పుడూ నమ్మకూడదు. ట్యాంకు మూత తీసి, ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో నెమ్మదిగా తిప్పండి. ట్యాంకులో గుడగుడ వినిపించేదాకా ఆపొద్దు: క్రాంక్‌కేసులోని ఆయిల్ ట్యాంకులోకి తిరిగొచ్చిందని దాని అర్థం. చలి పొద్దున చేతులు నొప్పిపుడతాయి, తప్పదు. వెనక్కి మాత్రం తిప్పకండి: హైడ్రాలిక్ లిఫ్టర్లలోకి (వాల్వులను కదిపే, ఆయిల్‌తో నిండిన భాగాల్లోకి) గాలి చేరుతుంది. ఇప్పుడు డిప్‌స్టిక్ చూడండి. డిప్‌స్టిక్ మీది రెండు గుర్తుల మధ్య తేడా సుమారు 0.45 లీటరు.

స్టార్ట్ చేశాక 10 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపేయండి. వస్తే 2000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 2 నిమిషాలు, తర్వాత 2500 దగ్గర ఆయిల్ 50 డిగ్రీలకు చేరేదాకా నడపండి. ఇగ్నిషన్ పరీక్ష 4000 దగ్గర: ఒక్కో స్విచ్ ఆపినప్పుడు తగ్గుదల 300 దాటకూడదు.