ఇంట్లో వైఫై – 4వ పాఠం: రిపీటర్‌ని ఎక్కడ పెట్టాలి

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను. ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగి, ఏ గదిలో సిగ్నల్ ఎంతుందో కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఈ రోజు దానితోనే పని. రిపీటర్ అంటే రౌటర్ సిగ్నల్‌ని అందుకుని, అందని గదులకి మళ్ళీ పంపే డబ్బా. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.

రాయని వాళ్ళ కోసం మళ్ళీ రెండు ముక్కలు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై అనలైజర్ తరహా యాప్ ఏదైనా వేసుకుంటే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో, మైనస్ అంకెగా కనిపిస్తుంది. ఐఫోన్ వాళ్ళు ఆపిల్ వారి ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసుకుని, సెట్టింగ్స్‌లో వైఫై స్కానర్ ఆన్ చేసుకోవాలి. అంకె సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మైనస్ 50 అంటే రౌటర్ ఉన్న గదిలోనే కూర్చున్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్ ఇబ్బంది లేకుండా నడుస్తుంది. 75 దాటితే పేజీ తెరుచుకోవడమే కష్టం. 80 దాటితే వైఫై గుర్తు కనిపిస్తుంది గానీ పని జరగదు. ఇంకొకటి గుర్తుంచుకోండి: మైనస్ 60 నుంచి 70కి దిగిందంటే సిగ్నల్ కొంచెం తగ్గినట్టు కాదు, పదో వంతుకి పడిపోయినట్టు.

ఇక అసలు పాఠం. దీన్ని మా అక్క వాళ్ళ ఇంట్లోంచి మొదలుపెడతాను, ఎందుకంటే నాకు తెలిసిన సగం ఇళ్ళలో జరుగుతున్నది అదే.

అక్క వాళ్ళది భీమవరం పక్కన ఒక ఊళ్ళో డాబా ఇల్లు. కింద వీధి గదిలో టీవీ స్టాండ్ మీద రౌటర్ ఉంది. ఫైబర్ తీగ అక్కడిదాకానే లాగారు. మేనల్లుడు పై గదిలో కూర్చుని హైదరాబాద్ ఆఫీసు పని చేసుకుంటాడు. మీటింగ్ మొదలైతే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. మాట తెగిపోయేది, బొమ్మ ఆగిపోయేది. చివరికి బజార్లో ఒక రిపీటర్ కొనుక్కొచ్చి, పై గదిలో మంచం పక్కనున్న ప్లగ్‌కి పెట్టారు. నేను సంక్రాంతికి వెళ్ళేసరికి అక్క ఆ మాటే ఎత్తింది.

“ఒరేయ్, ఆ డబ్బా పెట్టాక గీతలు నాలుగూ నిండుగా వస్తున్నాయి. నెట్ మాత్రం ఎప్పట్లాగే ఉంది. మోసపోయామంటావా?”

“మోసమేం లేదక్కా. పెట్టిన చోటే తప్పు.”

ఫోన్‌లో కనిపించే గీతలు ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య సంగతి మాత్రమే చెబుతాయి. రిపీటర్‌కీ రౌటర్‌కీ మధ్య ఏం జరుగుతోందో వాటికి తెలియదు. మంచం పక్కన నిలబడి రౌటర్ సిగ్నల్ కొలిస్తే మైనస్ 81. అంటే రిపీటర్‌కే సరిగా వినపడటం లేదు. తనకే వినపడని మాటని అది ఎంత గట్టిగా చెబితే మాత్రం ఏం లాభం?

చేలో పని చేసినవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. ఈ గట్టు మీంచి పిలిస్తే దూరాన ఉన్న గట్టు మీది మనిషికి అందదు. మధ్యలో ఒకరు నిలబడి, విన్నది విన్నట్టు మళ్ళీ కేకేస్తే అందుతుంది. ఆ మధ్య మనిషి కూడా పోయి అవతలి గట్టు మీదే నిలబడితే అతనికీ వినపడదు. రిపీటర్ సరిగ్గా ఆ మధ్య మనిషి. అందుకని సిగ్నల్ లేని గదిలో పెట్టకూడదు. సిగ్నల్ ఇంకా బాగున్న చోట్లలో, ఆ గదికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న చోట పెట్టాలి. మీ కాగితంలో మైనస్ 55కీ 65కీ మధ్య అంకెలున్న చోట్లకి సున్నా చుట్టండి. అవే మీకు పనికొచ్చేవి.

అక్క ఇంట్లో అలా వెతుక్కుంటూ మెట్ల మలుపు దగ్గర ఆగాం. అక్కడ మైనస్ 60. అక్కడికి నాలుగడుగుల దూరంలో, పై వరండాలో 74. ఇంత తేడా ఎందుకంటే మెట్ల దారిలో శ్లాబు అడ్డం లేదు. కాంక్రీటూ దాని లోపలి ఇనుప చువ్వలూ సిగ్నల్‌ని బాగా తినేస్తాయి. మెట్ల ఖాళీ గుండా అయితే అది హాయిగా పైకి వచ్చేస్తుంది. అందుకే డాబా ఇల్లు ఏదైనా సరే, నేను ముందు చూసేది మెట్ల మలుపే.

అక్కడ ట్యూబ్‌లైట్ స్విచ్ బోర్డులో ఒక ప్లగ్ పాయింట్ ఖాళీగా ఉంది. రిపీటర్‌ని మంచం పక్కనుంచి పీకి అందులో పెట్టాం. లైటు కాసేపు ఎర్రగా మిణుకుమిణుకుమంది. అక్క మెట్ల మీద కూర్చుని దాన్నే చూస్తోంది. నిమిషంన్నరకి ఆకుపచ్చగా మారి నిలబడింది. మేనల్లుడు పై గదిలోంచి స్పీడు పరీక్ష చేసి అరిచాడు. అంతకుముందు 3 ఎమ్‌బీపీఎస్, ఇప్పుడు 34. ఇక్కడ ఒక్కటి గమనించండి: ఫోన్‌లో గీతలు నాలుగు నుంచి మూడుకి తగ్గాయి. స్పీడు పదింతలు దాటింది. గీతల్ని నమ్ముకోవద్దని నేను ఇంతగా చెప్పేది అందుకే.

“నూరు స్పీడుకి కదా డబ్బు కడుతున్నాం, ముప్పై నాలుగేంటి మామయ్యా?” అని వాడు అడిగాడు. మంచి ప్రశ్న.

మధ్య మనిషి వింటున్నప్పుడు మాట్లాడలేడు, మాట్లాడుతున్నప్పుడు వినలేడు. ఒకే బ్యాండుతో, అంటే వైఫై వాడే రేడియో తరంగాల్లో ఒకే రకంతో, నడిచే రిపీటర్ పరిస్థితి కూడా అంతే. రౌటర్ దగ్గర వినడానికి కొంత సమయం, మీ ఫోన్‌కి చెప్పడానికి అంతే సమయం పడుతుంది. దాంతో స్పీడు సగానికి పడిపోతుంది. అది వస్తువు లోపం కాదు, అది పనిచేసే తీరే అంత. రెండు బ్యాండ్ల రిపీటర్‌కి ఈ బాధ తక్కువ. రౌటర్‌తో 5 గిగాహెర్ట్జ్ మీద మాట్లాడుతూ, ఫోన్లకి 2.4 గిగాహెర్ట్జ్ మీద అందించగలదు. రెండు చెవులు, రెండు నోళ్ళు ఉన్నట్టు. కొనేటప్పుడు అట్ట మీద చూడండి. ఎన్300 అని ఉంటే 2.4 ఒక్కటే. ఏసీ1200 అని ఉంటే రెండు బ్యాండ్లూ కలిపి లెక్క, 300, 867 కూడి గుండ్రంగా చెప్పిన అంకె. ఆ అంకెలు గాలిలో లింకు వేగాలు, మీ చేతికి వచ్చే స్పీడు కాదు. ఇంట్లో ఎవరైనా ఆఫీసు పని చేస్తుంటే మాత్రం రెండు బ్యాండ్లదే తీసుకోండి. ఇదే కారణంతో రిపీటర్ వెనక ఇంకో రిపీటర్ పెట్టొద్దు. సగంలో సగం మిగులుతుంది.

మొదటిసారి కలపడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రిపీటర్‌ని ముందు రౌటర్ ఉన్న గదిలోనే ప్లగ్‌కి పెట్టండి, సరైన చోటు తర్వాత. రౌటర్‌కి డబ్ల్యూపీఎస్ బటన్ (పాస్‌వర్డ్ కొట్టకుండా పరికరాల్ని కలిపేది) ఉంటే అది నొక్కి, రెండు నిమిషాల లోపల రిపీటర్ మీది బటన్ కూడా నొక్కితే సరిపోతుంది. బటన్ లేకపోతే, ఉన్నా పలకకపోతే (డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం వైఫై భద్రత ఒక్కటే పెట్టుకున్న రౌటర్లలో ఇది పనిచెయ్యదు) ఫోన్ నుంచి చెయ్యాలి. రిపీటర్ తన పేరుతో ఒక వైఫై చూపిస్తుంది, దానికి కలిసి, వెనక స్టిక్కర్ మీదున్న చిరునామా బ్రౌజర్‌లో తెరవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. ఆ వైఫైలో ఇంకా ఇంటర్నెట్ లేదు కాబట్టి ఫోన్ దాన్ని వదిలి మొబైల్ డేటా మీదకి వెళ్ళిపోతుంది, పేజీ తెరుచుకోదు. ముందే మొబైల్ డేటా ఆపేయండి. తర్వాత మీ ఇంటి వైఫై ఎంచుకుని పాస్‌వర్డ్ ఇచ్చి, లైటు నిలబడ్డాక పీకి, అనుకున్న చోటికి తీసుకెళ్ళండి. కరెంటు తీసినా సెట్టింగులు పోవు.

చోటు దొరికినా చుట్టూ ఏముందో చూసుకోండి. ఇనుప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, నీళ్ళ డ్రమ్ము, ఇవేవీ రిపీటర్‌కీ రౌటర్‌కీ మధ్య రాకూడదు. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతున్నంతసేపూ 2.4 మీద గోల చేస్తుంది. రిపీటర్‌కి యాంటెనాలుంటే, నిలువుగా నిలబెట్టినవి పక్కలకి బాగా పంపుతాయి, నెత్తి మీదకి తక్కువ. పై అంతస్తుకి అందాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచి చూడండి.

పల్లెల్లోనూ పట్నాల్లోనూ అందరూ మరిచిపోయేది ఇన్వర్టర్. రౌటర్‌ని జాగ్రత్తగా ఇన్వర్టర్ లైనుకి కలుపుకుంటారు, రిపీటర్‌ని మామూలు ప్లగ్‌కి పెడతారు. కరెంటు పోగానే కింద నెట్ ఉంటుంది, పైన ఉండదు. అక్క ఇంట్లో మెట్ల ప్లగ్ ఇన్వర్టర్ మీద లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఆ లైను మార్పించాం, ఆ పూట సగం అందులోనే గడిచింది. మీరు మెయిన్ ఆపి చూసుకుంటే ముందే తెలుస్తుంది.

పేరు సంగతి. రిపీటర్‌కి రౌటర్ పేరే పెట్టాలా, వేరే పేరా? మొదటి వారం వేరే పేరు పెట్టండి. ఫోన్ దేనికి కలిసిందో కళ్ళకి కనిపిస్తుంది, పరీక్షించడం తేలిక. అంతా కుదురుకున్నాక, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒకే పేరూ ఒకే పాస్‌వర్డూ పెట్టేయండి. అమ్మానాన్నలని గది మారినప్పుడల్లా సెట్టింగ్స్‌లోకి వెళ్ళమనడం న్యాయం కాదు. ఒక చిక్కుంది: ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే. కొన్ని ఫోన్లు పైకి వచ్చినా కింది రౌటర్‌నే పట్టుకుని వేలాడతాయి. ఒకసారి వైఫై ఆపి మళ్ళీ వేస్తే దగ్గరదాన్ని పట్టుకుంటాయి.

ఊరికి వెళ్ళినప్పుడు లాడ్జిలో, హోటల్లో కూడా ఇదే విద్య పనికొస్తుంది, కాకపోతే ఒక మెలిక. అక్కడ వైఫైకి కలవగానే ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే పేజీ వస్తుంది. మామూలు రిపీటర్ అలాంటి చోట సరిగా పనిచెయ్యదు. దానికి ట్రావెల్ రౌటర్ కావాలి, అందులో విస్ప్ అనే మోడ్ ఉంటుంది. అది హోటల్ వైఫైకి ఒకే ఒక్క పరికరంలా కలిసి, లోపల మీకోసం సొంత వైఫై పెడుతుంది. మీ ఫోన్‌ని దానికి కలిపి, ఓటీపీ ఒక్కసారి కొడితే ఇంటిల్లిపాది ఫోన్లూ నడుస్తాయి. కొన్ని చోట్ల దీన్ని ఒప్పుకోరు, రిసెప్షన్‌లో ఒక మాట అడగండి. హోటల్లో సిగ్నల్ వచ్చేది ఎక్కువగా వరండా వైపు నుంచి, కాబట్టి తలుపు దగ్గరి ప్లగ్ చూసుకోండి. అసలు కొనేముందు మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఆన్‌లో ఉండగానే హాట్‌స్పాట్ వేసి చూడండి. చాలా ఫోన్లు ఇప్పుడు వైఫైనే హాట్‌స్పాట్‌గా పంచగలవు. ఒకటి రెండు రోజుల ప్రయాణానికి అది చాలు.

ఒక హెచ్చరిక. వైఫై రిపీటర్‌కి లైసెన్సు అక్కర్లేదు. మొబైల్ సిగ్నల్ బూస్టర్ అని అమ్మేది వేరే వస్తువు. దాన్ని అనుమతి లేకుండా పెట్టడం మన దేశంలో నేరం, పైగా చుట్టుపక్కల అందరి ఫోన్లకీ అంతరాయం. పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరపాటున కొనకండి.

ఈ వారం పని: మీ కాగితంలో సున్నా చుట్టిన చోట్లలో మూడింటిని ఎంచుకోండి. ఒక్కొక్క చోట రిపీటర్ పెట్టి, దూరపు గదిలో కూర్చుని మూడేసి సార్లు స్పీడు పరీక్ష చెయ్యండి, పగలు ఒకసారి, రాత్రి ఎనిమిది తర్వాత రెండుసార్లు. రిపీటర్ ఇంకా కొననివాళ్ళు, ఇంటి వైఫైకి కలిసి ఉండగానే హాట్‌స్పాట్ వేసిన ఫోన్‌ని ఆ చోట్లలో పెట్టి ఇదే పరీక్ష చెయ్యొచ్చు. మూడు చోట్లా దూరపు గదిలో 10 కూడా దాటకపోతే, ఆ గదిదాకా గోడలోపలి కరెంటు పైపు ఏ దారిన వెళ్ళిందో కనుక్కుని అదే కాగితం మీద గీసి ఉంచండి. కరెంటు తీగలున్న పైపులోంచే నెట్ తీగ లాగొచ్చా, వేరే దారి చూసుకోవాలా అన్నది 5వ పాఠంలో అక్కడి నుంచే మొదలుపెడదాం.