ఫాగోసోమ్‌లో ఏం జరుగుతుంది? – 4వ పాఠం: ఎలక్ట్రాన్ వెంట పడదాం

పోయిన పాఠంలో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం బ్యాక్టీరియాను మింగి, ఫాగోసోమ్ అనే సంచిలో బంధించడం దాకా వచ్చాం. ఇవాళ చంపడం. పుస్తకంలో బాణాల బొమ్మ ఉంటుంది, దాన్ని బట్టీ పట్టకండి. తెల్లకాగితం మీద సంచి గీసుకుని ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఎలక్ట్రాన్ ఎవరి నుంచి ఎవరికి పోయింది?

సంచి పొరలో నాక్స్2 అనే ఎంజైమ్ ఉంటుంది. అది కణద్రవంలో ఎలక్ట్రాన్లు మోసే ఎన్ఏడీపీహెచ్ అనే అణువు ఒకదాని నుంచి రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని, పొర దాటించి, లోపలున్న రెండు ఆక్సిజన్ అణువులకు చెరొకటి ఇస్తుంది. రెండు సూపర్ ఆక్సైడ్లు పుడతాయి. వాటిలో ఒకటి తన ఎలక్ట్రాన్‌ను రెండోదానికి ఇచ్చేసి మళ్లీ ఆక్సిజన్ అవుతుంది. పుచ్చుకున్నది రెండు ప్రోటాన్లు కలుపుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. లెక్క చూడండి: బయలుదేరిన రెండు ఎలక్ట్రాన్లూ ఇప్పుడు ఒక్క పెరాక్సైడ్‌లో ఉన్నాయి.

న్యూట్రోఫిల్ ఇక్కడితో ఆగదు. మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఈ పెరాక్సైడ్‌తో క్లోరైడ్‌ను ఆక్సీకరించి హైపోక్లోరస్ ఆమ్లం చేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో క్రిములను చంపేదీ ఈ ఆమ్లమే. చీములో కనిపించే ఆకుపచ్చ ఛాయ ఈ ఎంజైమ్‌లో ఇనుమున్న హీమ్ అనే భాగానిది.

ఇక ఫెంటన్ చర్య. పెరాక్సైడ్ బ్యాక్టీరియా లోపలికి చొరబడుతుంది. అక్కడ విడిగా తిరిగే ఫెర్రస్ ఇనుము దానికి ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి తాను ఫెర్రిక్ అవుతుంది. పెరాక్సైడ్ విరిగి ఒక హైడ్రాక్సైడ్ అయాన్, ఒక హైడ్రాక్సిల్ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్క) వస్తాయి. ఈ రాడికల్ దూరం పోదు, పుట్టిన చోటే కాటేస్తుంది. ఇనుము డీఎన్ఏను అంటిపెట్టుకుని ఉంటే దెబ్బ డీఎన్ఏకే.

ఆ ఇనుము ఎక్కడిది? మన కణం ఇచ్చిందనుకుంటే తప్పు. మాక్రోఫేజ్ (క్రిములను మింగే ఇంకో తెల్ల రక్తకణం) అయితే ఎన్‌ర్యాంప్1 అనే రవాణా ప్రోటీన్‌తో సంచిలోని ఇనుమును, మాంగనీసును బయటికి తోడేస్తుంది. ఫెంటన్ చర్యకు దొరికేది బ్యాక్టీరియా సొంత ఇనుమే. దాని ఎంజైముల్లోని ఇనుము-గంధకం గుత్తులకు సూపర్ ఆక్సైడ్ తగిలితే అవి చెదిరి ఇనుమును వదిలేస్తాయి.

రాగి దగ్గర జాగ్రత్త. మాక్రోఫేజ్ ఏటీపీ7ఏ అనే పంపుతో రాగిని సంచిలోకి ఎక్కిస్తుంది. చాలామంది వెంటనే ‘ఇదీ ఫెంటనే’ అని రాసేస్తారు. ఈ.కోలై అనే బ్యాక్టీరియా మీద చేసిన ప్రయోగాలు వేరే మాట చెప్పాయి. రాగి నేరుగా ఆ గుత్తుల్లోకి చొరబడి ఇనుమును గెంటేస్తుంది, దానికి ఆక్సిజన్ కూడా అక్కర్లేదు. ల్యూసిన్ తయారుచేసే ఎంజైమ్ ఒకటి అలాగే మూలపడుతుంది. జింక్ దారి ఇంకొకటి: న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాలో మాంగనీసును పట్టుకోవాల్సిన ప్రోటీన్‌లో తాను బిగుసుకుపోతుంది. మాంగనీసు అందని బ్యాక్టీరియా ఆక్సీకరణ దెబ్బకు తట్టుకోలేదు. అందుకే లోహాల దగ్గర రెండో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఇది ఎవరి కుర్చీలో కూర్చుంది?

అభ్యాసం: ఎన్‌బీటీ అనే పరీక్ష రసాయనం లేత పసుపు రంగు. ఎలక్ట్రాన్లు అందితే ముదురు నీలం అవుతుంది. క్రానిక్ గ్రాన్యులోమాటస్ వ్యాధి (పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపం) ఉన్న పిల్లవాడి న్యూట్రోఫిల్స్‌లో నీలం రాదు. మీ కాగితం మీద ఏ మెట్టు తెగిందో గుర్తు పెట్టండి. మైలోపెరాక్సిడేజ్ మాత్రమే లేని మనిషి రక్తంలో ఏ రంగు వస్తుంది? ఎందుకో రెండు వాక్యాల్లో రాసి ఉంచండి, 5వ పాఠం ఆ జవాబుతోనే మొదలుపెడదాం.