ఉప ఎన్నికను చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఒకటో అంకె తర్వాతే అసలు లెక్క

ముందు పోయిన పాఠంలోని అభ్యాసం సంగతి. హుజూరాబాద్‌లో 2018లో కాంగ్రెస్‌కు 61,121 ఓట్లు వచ్చాయి, 2021 ఉప ఎన్నికలో 3,014. మిగతా 58 వేలు ఎటు పోయాయని అడిగాను. టీఆర్‌ఎస్ కూడా 1,04,840 నుంచి 83,167కు దిగింది కాబట్టి అటు పోలేదు, టీఆర్‌ఎస్ వదిలి బీజేపీ నుంచి నిలిచిన ఈటల రాజేందర్ వైపే పోయాయి అని చాలామంది రాశారు. జవాబు సబబుగానే ఉంది. కానీ అది ఊహే. ఈవీఎం మొత్తం చెబుతుంది గానీ, ఒక్కో ఓటు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచిందో చెప్పదు.

ఆ నడక కళ్ల ముందు కనిపించే ఉప ఎన్నిక ఒకటుంది. అదే పట్టభద్రుల ఎమ్మెల్సీ, అంటే డిగ్రీ ఉన్నవాళ్లు శాసనమండలి సభ్యుణ్ని ఎన్నుకునే ఎన్నిక.

మన దగ్గర చివరిది 2024 మే 27న జరిగింది. జనగామ ఎమ్మెల్యేగా గెలిచిన పల్లా రాజేశ్వర్‌రెడ్డి ఎమ్మెల్సీ పదవి వదులుకోవడంతో వరంగల్–ఖమ్మం–నల్గొండ సీటు ఖాళీ అయింది. గెలిచినవారికి కొత్తగా ఆరేళ్లు రావు, పల్లాకు మిగిలిన కాలమే వస్తుంది. మొదటి పాఠంలో చెప్పుకున్న సూత్రం ఇక్కడా అంతే.

ఇప్పుడు బ్యాలెట్. ఈవీఎం ఉండదు, కాగితమే. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతో, నచ్చిన అభ్యర్థి ఎదురుగా 1 వేయాలి. తర్వాత ఇష్టముంటే 2, 3 అలా. 1 తప్పనిసరి, మిగతావి మీ ఇష్టం. 1 లేకపోయినా, ఇద్దరికి 1 వేసినా, అంకెకు బదులు టిక్కు పెట్టినా, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, సంతకం చేసినా ఓటు చెల్లదు. 1 సరిగ్గా వేసి 2 వదిలేసి 3 వేశారనుకోండి, 1 చెల్లుతుంది, ఆ తర్వాత కాగితం ఆగిపోతుంది, ఇంకెవరికీ పోదు.

ఇదంతా చిన్న విషయంలా కనిపిస్తుంది. 2024లో పోలైనవి 3,36,013. చెల్లనివి 25,824. ఓటేసినవాళ్లంతా డిగ్రీ పట్టా ఉన్నవాళ్లే మరి! మొదటి ప్రాధాన్యంలో, అంటే 1 పడ్డ ఓట్లలో, తీన్మార్ మల్లన్న (కాంగ్రెస్) 1,22,813, రాకేశ్‌రెడ్డి (బీఆర్‌ఎస్) 1,04,248. తేడా 18,565. చెల్లని ఓట్లు ఆ ఆధిక్యం కన్నా ఎక్కువ. ఏ ఎమ్మెల్సీ ఫలితం చూసినా నేను మొట్టమొదట ఈ రెండు అంకెలనే పక్కపక్కన పెట్టుకుంటాను. మీరూ అలవాటు చేసుకోండి.

తర్వాత కోటా, అంటే గెలవడానికి అందుకోవాల్సిన ఓట్లు. చెల్లిన ఓట్లను రెండుతో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలపాలి. 3,36,013 లోంచి 25,824 తీసేస్తే 3,10,189. సగం 1,55,094, ఒకటి కలిపితే 1,55,095. మల్లన్నకు ఇంకా 32,282 కావాలి. మొదటి ప్రాధాన్యం లెక్క తేలగానే టీవీలో ‘ముందంజ’ అని పడుతుంది, హన్మకొండ చౌరస్తాలో ‘ఇగ అయిపోయినట్టే’ అంటారు. అవ్వదు. బరిలో 52 మంది ఉన్నారు, తక్కువ ఓట్లవారి నుంచి ఒక్కొక్కరినీ తీసేస్తూ పోవాలి. అందుకే జూన్ 5న నల్గొండలో మొదలైన లెక్కింపు 7వ తేదీకి గానీ తేలలేదు.

ఈ తీసివేత కాగితం మీద చేస్తేనే వంటబడుతుంది. పెన్ను తీసుకోండి. నలుగురు అభ్యర్థులు: క, గ, చ, ట. చెల్లినవి 100 ఓట్లు, కోటా 51. మొదటి ప్రాధాన్యంలో క 40, గ 33, చ 17, ట 10.

ఎవరికీ 51 లేవు. అడుగున ఉన్న ట బయటికి. అతని 10 కాగితాల మీద 2 ఎవరికుందో చూస్తాం: కకు 3, గకు 4, చకు 1, రెండింటిపై 2 లేనే లేదు. ఇప్పుడు క 43, గ 37, చ 18, ఆగిపోయినవి 2. కూడితే 100 రావాలి, వచ్చింది. ప్రతి దశలోనూ ఈ కూడిక చేయండి. రాకపోతే ఎక్కడో కాగితం జారింది.

తర్వాత చ బయటికి. ఇక్కడే చాలామంది తడబడతారు. చ దగ్గరున్నవి 17 కాదు, 18. ట నుంచి వచ్చిన ఆ ఒక్క కాగితానికి ఇప్పుడు 3 చూడాలి. అలాగే చకు 1, టకు 2, గకు 3 వేసిన కాగితం ఉంటే, ట ఇప్పటికే వెళ్లిపోయాడు కాబట్టి అతన్ని దాటి నేరుగా గకు పోతుంది. మొత్తం 18లో గకు 12, కకు 2, ఆగిపోయినవి 4 అనుకుందాం. క 45, గ 49, ఆగిపోయినవి 6.

మొదటి నుంచి ముందున్న క వెనకబడ్డాడు. గకు కూడా 51 రాలేదు. అయినా ఇద్దరిలో తక్కువున్న కను తీసేస్తే మిగిలేది ఒక్కడే, గెలుపు అతనిదే. కోటా అందకపోయినా గెలవొచ్చు. ఆగిపోయే కాగితాలు ఎక్కువయ్యేకొద్దీ ఇలా జరిగే అవకాశం పెరుగుతుంది. ‘మావాడికి 1 వేసి వచ్చేయండి చాలు’ అని ప్రచారం చేసే అభ్యర్థులు నాకెప్పుడూ అర్థం కారు. ఓడిపోయేలా ఉన్న అభ్యర్థుల ఓటర్లను 2 అడుక్కోవాల్సిన ఎన్నిక ఇది.

2021లో ఇదే సీటుకు 71 మంది పోటీ చేశారు. మొదటి ప్రాధాన్యంలో పల్లా, మల్లన్న, కోదండరాం వరుసగా నిలిచారు. ఎలిమినేషన్ కోదండరాం దాకా వెళ్లాకే పల్లా గెలుపు ఖాయమైంది. అక్కడ మాత్రం వరుస తారుమారు కాలేదు.

ఈ వారం అభ్యాసం: పై లెక్కలో చ దగ్గర ఆగిపోయిన 4 కాగితాల మీద కకు 2 ఉందనుకోండి. అప్పుడు క, గ ఇద్దరికీ ఎన్నెన్ని? సమానం వస్తే మొదటి ప్రాధాన్య ఓట్లు తక్కువున్నవారిని తీసేయాలి, అవీ సమానమైతే లాటరీ. ఎవరు గెలుస్తారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠం 2015 వరంగల్ లోక్‌సభ ఉప ఎన్నిక: 4,59,092 మెజారిటీని ఎలా చదవాలి.